చదివి, అర్థం చేసుకుని

నాలుగు వాక్యాల్లో మీ వృత్తి నేపథ్యం రాసివ్వండి, అన్నారు ఆఫీసులో.
ఫొటో ముందే తీశారు:
నల్లకోటు, కొంచెం పక్కకి తిరిగిన భుజం,
ఎవరి మాటో వింటున్నట్టు మొహం.

మొదటి వాక్యం తేలిక. ఏక్రన్, పాలిమర్ రసాయనశాస్త్రం.
రెండోది, క్లీవ్‌లాండ్‌లో రాత్రి కాలేజీ, లా పట్టా.
మూడోది, ఇరవై రెండేళ్ళుగా పేటెంట్ వ్యాజ్యాలు,
వాది పిలిస్తే వాదికి, ప్రతివాది పిలిస్తే ప్రతివాదికి.
నాలుగో దాని దగ్గర కలం మొండికేసింది.

మా నాన్న షాండోర్ హలాస్
టైర్లు ఉడికించే గోతిలో పనిచేశాడు.
ఆయన చొక్కాలో గంధకం
అమ్మ ఎన్నిసార్లు ఉతికినా లొంగేది కాదు.
ముప్పై ఏళ్ళు అచ్చులు తెరిచాడు, మూశాడు,
ఈ అచ్చు ఎవరి బుర్రలో పుట్టిందని ఒక్కనాడూ అడగలేదు.
నేను అడగడాన్నే కూడుగా చేసుకున్నాను,
గంటకి ఇంతని.

లాయరు కాకముందు తొమ్మిదేళ్ళు ప్రయోగశాల.
అది ఏ వాక్యంలోనూ ఇమడలేదు.
గాజుకడ్డీకి అంటుకుని వదలని జిగురు,
గోళ్ళ చుట్టూ పసుపు మరక,
లెక్కల గళ్ళ నోట్‌బుక్కు.
ప్రతి పేజీ అడుగున రెండు గీతలుండేవి,
చేసినవాళ్ళకొకటి, చూసినవాళ్ళకొకటి.
రెండో గీత కింద అచ్చేసి ఉండేది:
చదివి, అర్థం చేసుకున్నాను.

శుక్రవారం సాయంత్రం పక్కబల్ల డెల్బర్ట్
వారం పేజీలన్నీ నా ముందుకు తోసేవాడు.
కిందికెళ్ళి కారు అద్దం మీద మంచు గీకాలి,
చీకటి పడకముందే.
ఒకే కలం, ఒకే విసురు, పదకొండు సంతకాలు.
చదివానా? తిప్పాను.
అర్థమైందా? డెల్బర్ట్ అబద్ధం రాయడని తెలుసు.
తెలుసు అనేదానికి ఆ పేజీలో గీత లేదు.

లాయరునైన ఆరో ఏడు, క్లీవ్‌లాండ్ కోర్టు.
బోనులో ఎదటిపక్షం సాక్షి, విన్‌ఫ్రెడ్ స్ట్రిక్లర్,
డెబ్బై ఆరేళ్ళు, చెవిలో మిషను.
ఎనభై మూడో పేజీ తెర మీద పెట్టించాను.
మార్చి తొమ్మిది. అడుగున ఒకావిడ సంతకం, అదే తేదీ.
ఆ వారం ఆవిడ ఎక్కడున్నారండీ?
జీతాల చిట్టా తీశాను.
ఆస్పత్రిలో, పురిటి మంచం మీద.

తీగ లాగాను. డొంకంతా
గుమ్మరించినట్టు వచ్చిపడింది.
ఆయన బుకాయించలేదు.
తిరిగొచ్చాక చేసిందమ్మా, నేనేసిన తేదీయే వేసింది,
మేమంతా అలాగే చేసేవాళ్ళం, అన్నాడు.

మేమంతా.
ఆ మాటలో నేనూ ఉన్నానని
జ్యూరీలో ఎవరికీ తెలీదు.
ఇక ప్రశ్నలు లేవు, అని కూర్చున్నాను.

చేశానని చేసినవాడు చెబితే చాలదు.
చూసినవాళ్ళు లేకపోతే చట్టానికి
ఆ రాత్రి అసలు జరగలేదు,
ఆ గిన్నెలో రంగు మారలేదు.
మేం గెలిచాం. పెద్దలాయరు విందిచ్చాడు,
పచ్చిపచ్చిగా కాల్చిన మాంసం, నేను సగం వదిలేశాను.

విందుకి ముందు, లిఫ్టు దగ్గర,
స్ట్రిక్లర్ తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి నా కోసం ఆగాడు.
నువ్వు బల్ల దగ్గర పనిచేసినదానివే కదా?
పేజీని అడుగు నుంచి చదవడం
బయటివాళ్ళకి రాదు, అన్నాడు.
ఐదంతస్తులు దిగాం.
మా ఇద్దరి బూట్లూ ఒకటే రకం తడి.

నాలుగో వాక్యం: హంగేరియన్ భాష వచ్చు.
నిజానికి నాకొచ్చింది
గోతిలో వేలు కాలినప్పుడు మా నాన్న అన్న మాటలే.

సాయంత్రం కుర్రాడు ప్రూఫు తెచ్చాడు.
ఒకసారి చూసి సంతకం చేసెయ్యండి మేడం, అని
కలం మూత కూడా తనే తీసి అందించాడు.
చదివాను. ఏక్రన్‌లో ఒక అక్షరం తప్పు.
దిద్దాను. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను.
అతను కిటికీలోంచి
కింద కార్ల అద్దాల మీద పేరుకుంటున్న మంచుకేసి చూస్తున్నాడు.